ధర ఇన్‌బాక్స్‌లో చెబుతాం

ఆషాఢం అమ్మకాలు మొదలయ్యాయంటే ఇన్‌స్టాగ్రామ్‌లో చీరల రీళ్ళకు కొదవ ఉండదు. బొమ్మకు కట్టిన మంగళగిరి చీర, పక్కన రింగ్ లైటు, వెనక సినిమా పాట. అంచు చూపిస్తారు, పమిట చూపిస్తారు, జాకెట్టు ముక్క విప్పి చూపిస్తారు, నేత తెలియాలని తిరగేసి కూడా చూపిస్తారు. ధర ఒక్కటే చూపించరు. కింద కామెంట్లలో జనం వరసగా 'పీపీ', 'పీపీ' అని రాస్తుంటారు. అడిగీ అడిగీ 'ప్రైస్ ప్లీజ్' అని పూర్తిగా రాసే ఓపిక కూడా పోయిందన్నమాట. అందరికీ ఒకటే జవాబు: 'హాయ్ డియర్, ఇన్‌బాక్స్ చూడండి.'

ఇన్‌బాక్స్‌లో ధర ఉండదు, వాట్సాప్ నంబరు ఉంటుంది. వాట్సాప్‌కి వెళితే 'మమ్మల్ని సంప్రదించినందుకు ధన్యవాదాలు, మా ప్రతినిధి త్వరలోనే మీతో మాట్లాడతారు' అని ఎవరూ టైపు చేయని జవాబు క్షణంలో వస్తుంది. ఆ ప్రతినిధి మర్నాడు మధ్యాహ్నం తీరిక చేసుకుని, 'ఏ చీర మేడమ్? స్క్రీన్‌షాట్ పెట్టండి' అంటుంది. ఆ రీలు మళ్ళీ ఎక్కడుందో వెతికి పట్టుకుని స్క్రీన్‌షాట్ పంపితే, సాయంత్రానికి తీర్పు వస్తుంది: 'సారీ డియర్, సోల్డ్ అవుట్.' పాత బజారులో ఇదే బేరం, 'పన్నెండు వందలమ్మా, బోణీ కదా, పదకొండొందలిచ్చి తీసుకెళ్ళండి' అన్న ఒక్క ముక్కతో తేలిపోయేది. ఇప్పుడు రెండు యాప్‌లు, రెండు రోజులు పడుతోంది. దీనికి మొబైల్ మార్కెటింగ్ అని పేరు.

చిన్న వ్యాపారానికి ఫోను అక్కరకు రాదని ఎవరూ అనరు. తగాదా అంతా అది ఎందుకు అక్కరకు వస్తుందన్న దగ్గరే. కొనేవాడు ఫోను తీసేది అడగడానికి. ఎంత? ఎక్కడ? ఇప్పుడు తెరిచి ఉందా? ఆ సరుకు ఉందా? నూటికి తొంభై మంది అడిగేది ఈ నాలుగే. అమ్మేవాడికి సలహాలిచ్చే మహానుభావులు మాత్రం ఆ ఫోనును ఆటోకి కట్టిన మైకులా వాడమంటున్నారు. మైకుకి నోరే గానీ చెవి ఉండదు.

ఈ సలహాదారులు ఆకాశం నుంచి ఊడిపడలేదు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ జావా, డాట్‌నెట్ బోర్డుల సరసన డిజిటల్ మార్కెటింగ్ బోర్డులు కూడా లేచాయి. అక్కడ కోర్సు పూర్తిచేసిన కుర్రాడు సొంతూరు వెళ్ళి, మొదటి ప్యాకేజీ మేనమామకే అంటగడతాడు. మేనమామది పీవీసీ పైపుల కొట్టు. ప్యాకేజీలో ఒక వెబ్‌సైటు, ఒక లోగో, నెలనెలా పండగ పోస్టర్లు ఉంటాయి. ఉగాదికి, శ్రీరామనవమికి పోస్టరంటే సరే అనుకోవచ్చు. కానీ నెలకు ఇన్నని ఒప్పుకున్న లెక్క నిండాలి కదా. అందుకని మార్చి 20న పైపుల కొట్టు వాట్సాప్ స్టేటస్‌లో ప్రపంచ పిచ్చుకల దినోత్సవ శుభాకాంక్షలు వెలుస్తాయి. కొమ్మ మీద పిచ్చుక, పిచ్చుక పక్కన మోటారు పంపు, మూలన నమస్కారం పెడుతూ మేనమామ. అరంగుళం పైపు అడుగు ఎంతో మాత్రం ఏ పండక్కీ చెప్పరు.

వెబ్‌సైటుదీ అదే ముచ్చట. కట్టేవాడు పెద్ద కంప్యూటర్ తెర ముందు కూర్చుని కడతాడు. డబ్బిచ్చే ఓనరు ఆ తెర మీదే చూసి మురిసిపోతాడు. అక్కరపడి చూసేవాడు మాత్రం బస్టాండులో నిలబడి, ఒక చేత్తో సంచి పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో చూస్తాడు. అతనికి కనబడే వరస ఇదీ. ముందు గిరగిరా తిరిగే చక్రం. తరవాత 'మీకు నోటిఫికేషన్లు పంపమంటారా?' అన్న ప్రశ్న. వద్దంటే, 'మా న్యూస్‌లెటర్‌లో చేరండి' అంటూ తెరంతా కప్పేసే పెట్టె. దాన్ని మూసే ఇంటూ గుర్తు తెర అంచు అవతల ఎక్కడో ఉంటుంది. ఆ గండం గడిస్తే, సూట్లేసుకున్న ఇద్దరు తెల్లదొరలు చేతులు కలుపుతున్న ఫోటో. కొట్టేమో నరసరావుపేటలో, అమ్మేదేమో ఎరువులు. దాని కింద మా విజన్, మా మిషన్, ఓనరు గారి సందేశం, అంతా ఇంగ్లీషులోనే. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అన్నవాళ్ళు 8 కోట్ల పైచిలుకు. ఆ సైటు కట్టినాయన, కట్టించినాయన, చూసే రైతు ముగ్గురూ ఆ లెక్కలోని వాళ్ళే. సైటు మాత్రం ఎవరో నాలుగో మనిషి కోసం రాసినట్టుంటుంది.

అట్టడుగున ఫోను నంబరు ఉంటుంది. అది బొమ్మలో అచ్చయిన నంబరు, వేలితో నొక్కితే కాల్ వెళ్ళదు. పోనీ చూసి డయల్ చేద్దామంటే చివరి మూడంకెల మీద ఆకుపచ్చ వాట్సాప్ గుండీ ఎక్కి కూర్చుంటుంది, పేజీని ఎటు జరిపితే అటు వస్తుంది. నొక్కగానే కాల్ వెళ్ళేలా చేయాలంటే ఆ పేజీలో ఒక్క వరస కోడ్ రాస్తే చాలు. ఆదివారం కొట్టు తెరుస్తారా అన్నదానికి సైటు మొత్తంలో ఎక్కడా జవాబు లేదు. 'కాపీరైట్ 2019, సర్వహక్కులు రక్షితం' అని మాత్రం ఉంటుంది. అంత సంపదను దోచుకుపోవాలని ఎవరు కాచుకుని కూర్చున్నారో మరి.

ఈ జబ్బుకు మందు లేక కాదు. 2007లో ఐఫోన్ వచ్చినప్పుడు పెద్ద తెరకు కట్టిన సైట్లనే కుదించి చూపించి, కావాలంటే రెండు వేళ్ళతో సాగదీసుకోమంది. 2010లో ఈథన్ మార్కాట్ అనే అమెరికన్ డిజైనరు, తెర వెడల్పును బట్టి పేజీ తనంతట తానే సర్దుకునే పద్ధతిని వివరిస్తూ వ్యాసం రాసి, దానికి రెస్పాన్సివ్ వెబ్ డిజైన్ అని పేరు పెట్టాడు. 2015 ఏప్రిల్ 21 నుంచి గూగుల్, ఫోనులో వెతికేవాళ్ళకు ఫోనులో చదవడానికి వీలైన పేజీలనే ముందు చూపించసాగింది. అప్పట్లో దాన్ని 'మొబైల్‌గెడ్డన్' అని ప్రళయమంత చేసి చెప్పుకున్నారు. 2017 జనవరి 10 నుంచి, అడుగుపెట్టగానే తెరంతా కప్పేసే పెట్టెలున్న పేజీలను వెనక్కి నెట్టసాగింది. పేజీ తెరుచుకోవడానికి 3 సెకన్లు మించితే ఫోనులో వచ్చినవాళ్ళలో 53 శాతం వెళ్ళిపోతారన్న లెక్క కూడా గూగుల్ 2016లో చెప్పిందే.

ప్యాకేజీలమ్మే కుర్రాళ్ళకు ఈ తేదీలన్నీ కంఠతా వచ్చు. 53 శాతం అన్న అంకె వాళ్ళ పవర్‌పాయింట్‌లో మొదటి స్లైడు, ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. అది చూపించి, ఓనరును హడలగొట్టి, అడ్వాన్సు తీసుకుని వాళ్ళు కట్టే సైటు తెరుచుకునే లోపల టీ కాచుకుని తాగి గ్లాసు కడిగేయొచ్చు. ఎందుకంటే గృహప్రవేశం నాడు పెద్ద కెమెరాతో తీసిన ఫోటోను ఒక్క పిసరు కూడా కుదించకుండా తెచ్చి మొదటి పేజీలోనే తగిలిస్తారు. 'మొబైల్ ఫ్రెండ్లీ' అని సర్టిఫికెట్ ఇచ్చే ఘనులూ ఉన్నారు. సైటు ఫోనుకు నప్పుతుందో లేదో చెప్పే పరీక్ష పేజీని గూగుల్ 2023 డిసెంబరులోనే ఎత్తేసింది. పరీక్ష రద్దయినా ఉత్తీర్ణుల సంఖ్య తగ్గలేదు.

గూగుల్ పెట్టిన ఉచిత భోజనం కథ కూడా ఒకటుంది. మ్యాపులో కొట్టు పేరు నమోదు చేసుకున్నవాళ్ళకు 2017లో ఉచితంగా ఒక చిన్న సైటు కట్టిచ్చే ఏర్పాటు తెచ్చింది. చాలామంది కట్టుకున్నారు, ఆ చిరునామాను కార్డుల మీద, క్యారీబ్యాగుల మీద అచ్చేయించుకున్నారు. 2024 మార్చిలో గూగుల్ ఆ సైట్లన్నిటినీ మూసేసింది. కొట్టు ఉంది, క్యారీబ్యాగు ఉంది, దాని మీద చిరునామా ఉంది, ఆ చిరునామాలో ఎవరూ లేరు. మ్యాపులో నమోదు మాత్రం నేటికీ ఉచితమే. వేళలు, సెలవు రోజు, ఫోను నంబరు పెట్టుకోవడానికి గూగుల్ పైసా తీసుకోదు. ఈ మాట చెబితే ప్యాకేజీ ఎలా అమ్ముడుపోతుంది?

వెబ్‌సైటు మోజు తీరాక యాప్ మోజు పట్టుకుంటుంది. ఈ మోజులో పెద్దవాళ్ళే బోర్లా పడ్డారు. 2015 మార్చిలో ఫ్లిప్‌కార్ట్ మొబైల్ సైటును మూసి, ఫోనులో వచ్చినవాళ్ళను యాప్ వైపు తోలింది. మే నెలలో మింత్రా ఇంకో మెట్టెక్కి కంప్యూటర్ సైటుకు కూడా తాళం వేసింది. చొక్కా కావాలంటే యాప్ దించుకోవాల్సిందే. ఆ నవంబరుకే ఫ్లిప్‌కార్ట్ 'లైట్' పేరుతో మొబైల్ సైటును మళ్ళీ తెరిచింది. మింత్రా 2016 ఫిబ్రవరిలో మొబైల్ సైటును, జూన్‌లో కంప్యూటర్ సైటును తెరిచింది. వేల కోట్ల బేరమున్నవాళ్ళే ఏడాదికి అటూ ఇటూగా లెంపలేసుకున్నారు. ఆ కబురు పదేళ్ళయినా జిల్లా కేంద్రం టిఫిన్ సెంటర్ల దాకా రాలేదు.

టిఫిన్ సెంటరు యాప్ తెరవగానే లొకేషన్ ఇమ్మంటుంది, కాంటాక్టులు ఇమ్మంటుంది, కెమెరా ఇమ్మంటుంది. రెండిడ్లీ, ఒక వడ ఇవ్వడానికి తినేవాడి బంధువర్గం నంబర్లన్నీ ఎందుకో ఆ యాప్ కట్టినవాడికీ తెలియదు. ఎక్కడి నుంచో ఎత్తుకొచ్చిన కోడ్‌లో అవి అలాగే ఉన్నాయి, ఉంచేశాడు. ప్లే స్టోరులో డెవలపరు ఖాతాకు ఒక్కసారి 25 డాలర్లు కడితే సరిపోతుంది, కొటేషన్‌లో ఈ సంగతి ఉంటుంది. ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లకు తగ్గట్టు యాప్‌ను ఎప్పటికప్పుడు సవరించకపోతే కొత్త ఫోన్లవాళ్ళకు అది స్టోరులో కనబడడం మానేస్తుంది. ఇది కొటేషన్‌లో ఉండదు. దించుకున్నవాళ్ళు ఓనరు, ఓనరు భార్య, బావమరిది, కట్టిన కుర్రాడు. అయిదు నక్షత్రాల రివ్యూలు కూడా ఆ నలుగురివే.

ఇక అసలు మైకు సంగతి. దానికి కావలసిన ముడిసరుకు కొనేవాడి ఫోను నంబరు.

'నంబరు చెప్పండి మేడమ్.' సబ్బు కొన్నా, సోఫా కవర్లు కొన్నా బిల్లింగ్ కౌంటరులో మొదటి మాట ఇదే. ఇవ్వనంటే, 'సిస్టమ్ తీసుకోదండీ' అంటాడు గుమాస్తా, ఏదో తన చేతిలో లేనట్టు. పది తొమ్మిదులు కొడితే సిస్టమ్ చక్కగా తీసుకుంటుంది, ఆ కిటుకు అందరికంటే అతనికే బాగా తెలుసు. నంబరిస్తేనే బిల్లనడం తగదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలో దుకాణాలకు చెప్పింది. ఆ ఆగస్టులోనే వ్యక్తిగత డేటా రక్షణకు ఏకంగా చట్టం వచ్చింది. కౌంటరు దగ్గర మాట మారలేదు. కాకపోతే గొంతు కాస్త మెత్తబడి, 'ఆఫర్లుంటే చెబుదామనీ...' అని సాగుతోంది.

ఆ ఆఫర్లను ఆపడానికి ఈ దేశం పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. 2007లో వ్యాపార కాల్స్ వద్దనుకునేవాళ్ళ జాబితా పెట్టారు. 2011లో రోజుకు ఒక సిమ్ నుంచి 100 ఎస్సెమ్మెస్‌లే అన్నారు, గోల చేస్తే 200 చేశారు, మరుసటి ఏడాది ఢిల్లీ హైకోర్టు ఆ పరిమితినే కొట్టేసింది. 2018లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త నిబంధనలు తెచ్చి, పంపేవాడి పేరూ పంపే మెసేజీ మూసా రెండూ ముందుగా నమోదు చేయించుకోవాలంది. 2021 మార్చి 8న ఆ మూసలను సరిచూడడం మొదలుపెట్టగానే బ్యాంకు ఓటీపీలు కూడా ఆగిపోయాయి. జనం గగ్గోలు పెడితే ట్రాయ్ వారం పాటు వెనక్కి తగ్గింది. 2025 నుంచి, ప్రకటన మెసేజీ అయితే పంపినవాడి పేరు చివర 'పి' అక్షరం తగిలించాలి. దొంగకు మెళ్ళో పలక వేసినట్టే. అయినా 'డియర్ కస్టమర్, 50% వరకు తగ్గింపు' రాక మానదు. ఆ 'వరకు' కింద ఏ చీరకు ఎంతో అడుగుదామంటే ఆ పేరుకు తిరిగి మెసేజీ పంపే వీలుండదు. మైకుకి చెవి ఉండదని చెప్పుకున్నాం కదా.

ఎస్సెమ్మెస్ కష్టమయ్యాక అందరూ వాట్సాప్ మీద పడ్డారు. నిజానికి అందులో ఒక మర్యాద ఉంది. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని పెట్టుకోవచ్చు గానీ, కొట్టు నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవాళ్ళకే ఆ మెసేజీ చేరుతుంది. అంటే కొనేవాడు తనంతట తాను 'చేపల సూరిబాబు' అని నంబరు దాచుకున్నాడంటే, చేపలొచ్చినప్పుడు చెప్పవయ్యా అని అడిగినట్టే. ఇంతకంటే మంచి మార్కెటింగ్ సూత్రం ఏ కోర్సులోనూ ఉండదు. మనవాళ్ళకు ఆ మర్యాద అడ్డొచ్చింది. అందుకని చెప్పాపెట్టకుండా రెండొందల మందిని లాగి గ్రూపు చేస్తారు. దాంతో ఒకరి నంబరు నూట తొంభై తొమ్మిది మందికి తెలిసిపోతుంది. పొద్దున్నే ఒకాయన గులాబీలతో శుభోదయం చెబుతాడు, ఒకావిడ 'ఎవరండీ మీరంతా?' అంటుంది, ఇంకొకాయన తన ప్లాట్ల వెంచరు ఫోటోలు పెడతాడు. పదిమంది వెళ్ళిపోయాక ఓనరు 'అడ్మిన్లు మాత్రమే' అని మీట నొక్కుతాడు. ఆ తరవాత ధర అడగాలన్నా నోరు పెగలదు.

అడిగితే ఏమవుతుందో తెలుగువాళ్ళు 2025 వేసవిలో చూశారు. ఒక ఆన్‌లైన్ పచ్చళ్ళ వ్యాపారం వాట్సాప్‌కి ఎవరో, ధర మరీ ఇంతెక్కువా అని మెసేజీ పెట్టారు. జవాబుగా వాయిస్ మెసేజీలో బూతులు వచ్చాయి. వారం రోజులు రెండు రాష్ట్రాల్లో మీమ్స్, రీమిక్సులు అవే. ఆ బూతులకు వచ్చినన్ని వ్యూలు ఆ పచ్చళ్ళ రీళ్ళకు ఎన్నడూ వచ్చి ఉండవు. ఎంగేజ్‌మెంట్ పెరిగితే చాలని చెప్పే గురువులెవరూ ఆ వారం ముందుకొచ్చి ఇది మా విజయమే అనలేదు, పాపం.

అమ్మేవాళ్ళ వాదనా వినాలి. ధర బయటపెడితే పక్క కొట్టువాడు పది రూపాయలు తగ్గించి అమ్ముతాడంటారు. పక్క కొట్టువాడు మరదలి నంబరుతో ఆ గ్రూపులో ఎప్పుడో చేరాడు, ఆయనకు ధరలన్నీ తెలుసు, తెలియనిది కొనేవాళ్ళకే. కామెంట్లు ఎక్కువ పడితే రీలు ఎక్కువమందికి చేరుతుంది, అందుకే ధర దాచాలన్నది ఇంకో వాదం. చేరుతుంది. ఎక్కువమంది వచ్చి ఎక్కువసార్లు 'పీపీ' అంటారు. ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు మొత్తం ధరను ఒకే అంకెగా చూపించాలని 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. ఇన్‌బాక్స్‌లో చెవిలో చెప్పమని వాటిలో ఎక్కడా లేదు.

ఇదే ఊళ్ళో, ఇదే ఫోనుతో ఏ గురువూ నేర్పకుండా గెలిచింది ఒకటుంది. 2016లో యూపీఐ వచ్చింది. జపాన్‌లో డెన్సో వేవ్ కంపెనీ కారు విడిభాగాల లెక్క కోసం 1994లో చేసిన క్యూఆర్ కోడ్ ఇవాళ చెరుకు రసం బండికి వేలాడుతోంది. బండివాడికి మొదట్లో ఒక్కటే అనుమానం: డబ్బు నిజంగా పడిందా, లేక పడినట్టు తెర చూపించి పోతున్నాడా? దానికి ఒక చిన్న స్పీకరు పెట్టె వచ్చి, ఎన్ని రూపాయలు అందాయో తెలుగులో పైకి చెప్పింది. అంతే, పని అయిపోయింది. అందులో విజన్ లేదు, మిషన్ లేదు, న్యూస్‌లెటర్ లేదు. అడిగినదానికి అడిగిన భాషలో అప్పటికప్పుడు జవాబు దొరికింది.

పూతరేకులవాళ్ళకు ఈ కిటుకు ముందే తెలుసు. పెట్టె మీద పేరు, ఊరు, ఫోను నంబరు ఉంటాయి. ఫోను చేస్తే ఎత్తుతారు. బెల్లానివి ఎంత, పంచదారవి ఎంత, హైదరాబాదుకు ఎన్ని రోజులు అన్నది రెండు నిమిషాల్లో తేలుతుంది. 2018లో వచ్చిన వాట్సాప్ బిజినెస్ యాప్‌లో సరుకు ఫోటో పక్కన ధర రాసుకునే క్యాటలాగు ఉంది, కొట్టు వేళలు పెట్టుకునే చోటూ ఉంది, అన్నీ ఉచితం. పైపుల మేనమామ గుమాస్తాకు చెబితే ఒక మధ్యాహ్నం కూర్చుని నింపేస్తాడు. కానీ మేనల్లుడి ప్యాకేజీలో ఆ పని లేదు, పిచ్చుకలున్నాయి.

పైగా ప్యాకేజీకి ఇప్పుడు కొత్త హంగు చేరింది: ఏఐ చాట్‌బాట్. సైటు కింది మూలన నవ్వు మొహం బొమ్మ ఊగుతూ ఉంటుంది. 'ఆదివారం కొట్టు తెరుస్తారా?' అని తెలుగులో అడిగితే, 'చాలా మంచి ప్రశ్న! ముందుగా మీ పేరు, మొబైల్ నంబరు చెప్పండి' అంటుంది. చెబితే ఓటీపీ పంపుతుంది. ఓటీపీ కొడితే, 'ధన్యవాదాలు! మా ప్రతినిధి సోమవారం మీకు ఫోన్ చేస్తారు' అంటుంది. నెలాఖరు నివేదికలో ఆ అడిగినవాడు 'ఒక లీడ్'గా ఎక్కుతాడు. ఆ లీడ్‌కి ఏజెన్సీ బిల్లు వేస్తుంది, 18 శాతం జీఎస్‌టీతో కలిపి. మేనమామ ఆ డబ్బును క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, పది సెకన్లలో కట్టేస్తాడు.